‘యువర్ వార్డ్ ఈజ్ ఆబ్సెంట్’: మార్కుల రిజిస్టరు వెబ్‌లోకి ఎక్కిన దేశాల కథ

నేను ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పుడు ఒక మంగళవారం మధ్యాహ్నం మా నాన్న హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో ఫోను. నన్ను చూడగానే ముందు నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. “జ్వరం తగ్గిందారా?” అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. జ్వరం లేదు, ఏమీ లేదు. పొద్దున్నుంచీ క్లాసులోనే ఉన్నాను.

సంగతేంటంటే, పొద్దున తొమ్మిదిన్నరకి ఆయన ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది: “యువర్ వార్డ్ ఈజ్ ఆబ్సెంట్ టుడే.” నాన్నకి ఇంగ్లీషు రాదు. ఎరువుల షాపులో ఎవరినో అడిగి చదివించుకున్నాడు. అందులో ఆయనకి తెలిసిన మాట ఒక్కటే, వార్డ్. వార్డ్ అంటే ఆసుపత్రిలో ఉండేది కదా. ఇక ఏమీ ఆలోచించలేదు, రెండు బస్సులు మారి వచ్చేశాడు. నిజానికి ఆ రోజు రానిది నా పక్క రోల్ నంబరు వాడు. హాజరు ఎక్కించే ఆయన ఒక గడి కింద నొక్కాడు, అంతే.

అప్పుడు ఫ్రెండ్స్ అందరం పడీ పడీ నవ్వుకున్నాం. నాన్న మాత్రం నవ్వలేదు. క్యారేజీ నా చేతికిచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు.

మూడేళ్ళ తర్వాత, ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి మా టీముకి పడ్డ టాపిక్ ఏంటో చెప్తే మీరు నవ్వుతారు: స్టూడెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్. ప్రతి బ్యాచ్‌లో కనీసం పది టీములు చేసే ప్రాజెక్టు. సీనియర్ల దగ్గర కోడ్ రెడీగా దొరుకుతుంది, పేర్లు మార్చి ఎక్కించుకోవడమే. కానీ మా గైడ్ మేడమ్ ఫస్ట్ రివ్యూలోనే పట్టుకున్నారు. “లిటరేచర్ సర్వే ఏది? కాగితం రిజిస్టర్ల నుంచి వెబ్‌కి దేశాలకి దేశాలే మారాయి. వాళ్ళేం చేశారో, ఎక్కడ దెబ్బ తిన్నారో చదివి రండి” అన్నారు. లిటరేచర్ అనగానే టీము మొత్తం నా వైపు చూసింది. లిటరరీ క్లబ్‌లో ఉన్నందుకు పడిన శిక్ష అన్నమాట.

చదవడం మొదలుపెట్టాక మాత్రం శిక్షలా అనిపించలేదు. ఆ చదివినదే మీతో పంచుకుంటున్నాను.

కంప్యూటర్ లేని కంప్యూటర్ క్లాసు

1989 నుంచి 1991 మధ్యలో తూర్పు యూరప్ పటమే మారిపోయింది. పోలండ్, హంగరీ, బల్గేరియా లాంటి దేశాల్లో సోషలిస్టు ప్రభుత్వాలు పోయాయి. సోవియట్ యూనియన్ నుంచి ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా విడిపోయాయి. యుగోస్లావియా ముక్కలై క్రొయేషియా, స్లొవేనియా లాంటి దేశాలొచ్చాయి. ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారుతున్న దేశాలు కాబట్టి వీటిని పరివర్తన దశలో ఉన్న దేశాలు అంటారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఆ పాత ప్రపంచం తెలిసింది మాస్కోలో అచ్చయి, విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికిన తెలుగు పుస్తకాల ద్వారానే.

అక్కడి బడిలో కాగితానికి చాలా బలం ఉండేది. సోవియట్ బడిలో ప్రతి క్లాసుకీ ఒక పెద్ద జర్నల్ ఉండేది. హాజరు, పాఠం, మార్కులు అన్నీ అందులోనే. పిల్లల దగ్గర ఒక డైరీ ఉండేది. టీచర్ అందులో మార్కు వేస్తారు, ఇంట్లో తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. మార్కులు 5 వరకే. 5 వస్తే గొప్ప, 2 వస్తే ఇంట్లో దెబ్బలు. అందుకే బడికి ఒక డైరీ, ఇంటికి ఇంకో డైరీ పెట్టుకున్న ఘనుల కథలు అక్కడ బోలెడు. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం ప్రాక్టీస్ చేసిన మనకి ఆ కథలు కొత్తేం కాదు.

సరదా కాని కాగితం ఒకటుంది. బడి వదిలేటప్పుడు విద్యార్థి గుణగణాల మీద ఒక పత్రం రాసిచ్చేవాళ్ళు. పై చదువులకి వెళ్ళాలంటే అది కావాలి. చదువొక్కటే కాదు, నడవడిక, యువజన సంఘంలో చురుగ్గా ఉన్నాడా లేదా, అన్నీ అందులో ఉంటాయి. అంటే మన గురించి ఇంకొకరు రాసిన కాగితం మన కంటే ముందు నడుస్తూ ఉంటుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకి వద్దాం.

ఇక కంప్యూటర్ల విషయం. ఆంద్రేయ్ యెర్షోవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త 1981లో లోజాన్ నగరంలో జరిగిన సదస్సులో, ప్రోగ్రామింగ్ అనేది రెండో అక్షరాస్యత అని ప్రతిపాదించాడు. ఆయన పట్టుబట్టడంతో 1985 సెప్టెంబరు నుంచి సోవియట్ బడులన్నిటిలో పెద్ద క్లాసులకి ఇన్ఫర్మాటిక్స్ పాఠం మొదలైంది. ఒకటే చిక్కు. చాలా బడుల్లో కంప్యూటర్ లేదు. పిల్లలు నోట్‌బుక్‌లో అల్గారిథం రాసి, తామే కంప్యూటర్ అనుకుని ఒక్కో స్టెప్ చేతితో నడిపి, జవాబు రాసేవాళ్ళు. ల్యాబ్ ఎగ్జామ్‌లో కరెంటు పోయి, అవుట్‌పుట్ చేత్తో రాసిన మా బ్యాచ్‌కి ఆ బాధ తెలుసు. ఎస్టోనియా వాళ్ళు 1980ల చివర్లో యుకు అనే సొంత బడి కంప్యూటర్ తయారు చేసుకున్నారు. అవి కొన్ని వేలకి మించలేదు.

పులి దూకుడు

1991 ఆగస్టు 20న ఎస్టోనియా మళ్ళీ స్వతంత్ర దేశమైంది. జనాభా అప్పటికి సుమారు 15 లక్షలు. మన దగ్గర ఒక చిన్న జిల్లా అంత. చేతిలో పెద్దగా డబ్బు లేదు. అమెరికాలో ఆ దేశ రాయబారిగా పనిచేసిన తోమస్ హెండ్రిక్ ఇల్వెస్ చిన్నప్పుడు న్యూజెర్సీ బడిలోనే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాడు. మన దేశంలో ప్రతి బడికీ కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇద్దాం అన్నది ఆయన మాట. భౌతిక శాస్త్రవేత్త అయిన విద్యామంత్రి యాక్ ఆవిక్సూ దాన్ని పట్టుకున్నాడు. 1996 ఫిబ్రవరి 21న అధ్యక్షుడు లెన్నార్ట్ మెరి ఈ పథకాన్ని ప్రకటించాడు. ఈ మెరి ఎవరనుకున్నారు? రచయిత, డాక్యుమెంటరీ సినిమాలు తీసినవాడు. లిటరరీ క్లబ్ వాళ్ళం ఈ విషయంలో కాస్త గర్వపడొచ్చు.

పథకం పేరు టీగ్రిహ్యూపె. పులి దూకుడు అని అర్థం. అప్పట్లో ఎదుగుతున్న తూర్పు ఆసియా దేశాలని ఆసియా పులులు అనేవాళ్ళు కదా, ఆ పులి ఇది. 1997లో దీని కోసం ఒక ఫౌండేషన్ పెట్టారు. ఖర్చులో ఊరి ప్రభుత్వాలూ వాటా పెట్టాలి. కంప్యూటర్లు కొనడంతో ఆపలేదు, టీచర్లకి శిక్షణ ఇచ్చారు, ఎస్టోనియన్ భాషలో పాఠాల సాఫ్ట్‌వేర్ రాయించారు. 2001 నాటికి బడులు దాదాపు అన్నీ ఇంటర్నెట్‌కి కలిశాయి.

ఇంత వరకూ ఇది సామాను కథ. అసలు కథ 2002లో మొదలైంది. బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీలు డబ్బు పెట్టి నడిపిన ఒక సంస్థ సాయంతో ఈకూల్ అనే వెబ్ వ్యవస్థ వచ్చింది. వాళ్ళ భాషలో కూల్ అంటే బడి. టీచర్ మార్కు, హాజరు, హోంవర్క్ వెబ్‌లో పెడతారు. పిల్లలు ఒక లాగిన్‌తో చూస్తారు, తల్లిదండ్రులు ఇంకో లాగిన్‌తో చూస్తారు. తర్వాత స్టూడియుమ్ అనే ఇంకో వ్యవస్థ పోటీకి వచ్చింది. ఏది వాడాలో బడి ఎంచుకుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఒక చిన్న విషయం. ఎస్టోనియా జనాభాలో సుమారు పావు వంతు రష్యన్ మాట్లాడేవాళ్ళు. ఈకూల్‌ని ఎస్టోనియన్‌లోనే కాదు, రష్యన్‌లోనూ చూడొచ్చు. తల్లిదండ్రులకి వచ్చే భాషలో చెప్పాలన్న ఇంగితం. ఎరువుల షాపు దగ్గర నిలబడ్డ మా నాన్న గుర్తొచ్చాడు.

లోపల ఏం జరుగుతుంది

ఇప్పుడు కొంచెం టెక్నికల్. విసుగు తెప్పించను. ఎస్టోనియా పద్ధతిని మూడు అంతస్తులుగా చూడొచ్చు.

మొదటి అంతస్తు, బడి డైరీ. రోజువారీ మార్కులు, హాజరు, హోంవర్క్, టీచర్ రాసే మాటలు. ఇవి ఈకూల్ లాంటి వాటిలో ఉంటాయి. ఎవరు ఏం చూడాలన్నది వాళ్ళ పాత్రని బట్టి ఉంటుంది. లెక్కల టీచర్ తన సబ్జెక్టులో మార్కులు వేస్తారు. క్లాస్ టీచర్ తన క్లాసు మొత్తం చూస్తారు. తండ్రి తన బిడ్డవి తప్ప పక్కింటి పిల్లవి చూడలేడు. డీబీఎంఎస్‌లో యాక్సెస్ కంట్రోల్ అని మనం రెండు మార్కుల ప్రశ్నకి బట్టీ పట్టేది ఇదే.

రెండో అంతస్తు, దేశం మొత్తానికి ఒక విద్యా రిజిస్టరు. ఏ విద్యార్థి ఏ బడిలో ఉన్నాడు, ఏ టీచర్ ఎక్కడ పనిచేస్తున్నారు, ఎవరికి ఏ సర్టిఫికెట్ వచ్చింది అన్నవి అందులో ఉంటాయి. రోజువారీ మార్కులు అక్కడికి వెళ్ళక్కర్లేదు. బడులకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది, ఆ లెక్క ఇక్కడి నుంచే తీస్తారు. కాబట్టి ఈ రిజిస్టరు సరిగ్గా ఉండటం బడికే అవసరం.

మూడో అంతస్తు, 2001లో మొదలైన ఎక్స్‌రోడ్. ఇది డేటాబేస్ కాదు, డేటాబేస్‌ల మధ్య రోడ్డు. అందరి సమాచారాన్నీ ఒకే చోట కుప్ప పోయలేదు. ఎవరి రిజిస్టరు వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఒకరికి ఇంకొకరి దగ్గర ఉన్న వివరం కావాలంటే ఈ దారిలో అడుగుతారు. ఎవరు ఎప్పుడు అడిగారన్నది నమోదవుతుంది. దీనివల్ల రెండు లాభాలు. ఒకసారి ప్రభుత్వానికి ఇచ్చిన వివరం మళ్ళీ మళ్ళీ అడగరు. అన్నీ ఒకే చోట లేవు కాబట్టి ఒక తాళం పగిలితే ఇల్లంతా పోదు.

వీటన్నిటినీ కలిపే దారం, ప్రతి మనిషికీ ఉండే 11 అంకెల గుర్తింపు సంఖ్య. మొదటి అంకె ఆడా మగా, ఏ శతాబ్దంలో పుట్టారో చెప్తుంది. తర్వాతి ఆరు పుట్టిన తేదీ. తర్వాతి మూడు వరుస సంఖ్య. చివరిది చెక్ డిజిట్, అంటే నంబరు తప్పు కొడితే పట్టుకునే అంకె. మన ఆధార్‌లో 12 అంకెలు, దాంట్లోనూ చివరిది చెక్ డిజిట్టే. కానీ ఆధార్ నంబరు చూసి పుట్టిన తేదీ చెప్పలేం.

ఇక్కడ మా టీములో ఒక ప్రశ్న వచ్చింది. ఇన్ని ఉన్నా, ఒక గడి కింద నొక్కితే ఏ చెక్ డిజిట్ ఆపుతుంది? ఏదీ ఆపదు. పక్క నంబరు కూడా సరైన నంబరే కదా. అలాంటి తప్పుని పట్టుకోగలిగేది ఒక్కరే, ఆ నంబరు ఉన్న మనిషి. అందుకే తన రికార్డు తనకి కనిపించడం, తప్పుంటే చెప్పడానికి దారి ఉండటం అనేవి సాఫ్ట్‌వేర్‌లో అలంకారాలు కావు. అవే అసలైన రక్షణ.

2020 మార్చిలో కోవిడ్ వచ్చి 16వ తేదీ నుంచి ఎస్టోనియా బడులు మూసినప్పుడు ఈ అలవాటే పనికొచ్చింది. హోంవర్క్ వెబ్‌లో చూడటం పిల్లలకి, ఇళ్ళకి అప్పటికే ఏళ్ళ తరబడి అలవాటు.

క్రొయేషియా: 48 గంటలు

అన్ని దేశాలూ ఇలా దూకలేదు. క్రొయేషియాకి స్వాతంత్ర్యంతో పాటే యుద్ధం వచ్చింది, 1995 దాకా సాగింది. అయినా 1991లోనే విద్యాసంస్థల నెట్‌వర్క్ కోసం కార్నెట్ అనే సంస్థ మొదలైంది. అయితే బడుల్లో మార్కుల రిజిస్టరు వెబ్‌లోకి ఎక్కడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. దాని పేరు ఇ-ద్నెవ్నిక్, ఇ-డైరీ అన్నమాట. 2013లో ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరింది. యూనియన్ డబ్బుతో 2015లో ఇ-ష్కోలె అనే పెద్ద ప్రాజెక్టు మొదలైంది. ముందు 151 బడుల్లో ప్రయోగం చేసి, తర్వాత దేశమంతా విస్తరించారు. ఆ డబ్బులో చాలా భాగం బడి గోడల లోపల కేబుళ్ళు లాగడానికీ, వైఫై పెట్టడానికీ పోయింది. సాఫ్ట్‌వేర్ రాయడం తేలిక, సిగ్నల్ ఉండటం కష్టం.

ఈ డైరీలో మార్కుకి బరువెక్కువ. అక్కడ ఎనిమిదో తరగతి తర్వాత సెకండరీ స్కూల్లో సీటుకి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. పాయింట్ల లెక్కకి కావలసిన మార్కులు దేశం మొత్తానికి ఉన్న విద్యార్థుల రిజిస్టరు నుంచి వాటంతట అవే వస్తాయి. పిల్లవాడు సర్టిఫికెట్లు పట్టుకుని తిరగక్కర్లేదు. కానీ ఒక మార్కు తప్పు పడితే ఆ తప్పు కూడా తనంతట తానే ప్రయాణం చేస్తుంది.

మా టీమంతా ఆగిపోయింది మాత్రం ఒక చిన్న నిర్ణయం దగ్గర. క్రొయేషియా ఇ-డైరీలో కొత్త మార్కు పడగానే విద్యార్థికి కనిపిస్తుంది. తల్లిదండ్రుల లాగిన్‌లో 48 గంటల తర్వాత కనిపించేలా పెట్టారు. ఎందుకు? పిల్లవాడు ఇంటికొచ్చి “అమ్మా, లెక్కల్లో 2 వచ్చింది” అని తన నోటితో తను చెప్పుకునే అవకాశం కోసం.

ఒక్కసారి ఆలోచించండి. ఇది టెక్నికల్ లోపం కాదు. కావాలని పెట్టిన ఆలస్యం. వేగమే గొప్ప అని మనకి నాలుగేళ్ళు నేర్పుతారు. ఇక్కడెవరో, ఒక ఇంట్లో జరగాల్సిన మాట సర్వర్ కంటే ముందు జరగాలి అనుకున్నారు.

చిక్కులు లేవా?

ఉన్నాయి. మొదటిది రెండింతల పని. వెబ్ వచ్చిన కొత్తలో కాగితం రిజిస్టరు పోదు. చట్టానికి కాగితమే ఆధారం అని అధికారులు అంటారు. టీచర్ పొద్దున పుస్తకంలో రాసి, రాత్రి ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో ఎక్కించాలి. వ్యవస్థ పనిచేయాలంటే ముందు ఆ కాగితం రూలు మార్చాలి. కోడ్ కంటే జీవో ముఖ్యం అన్నమాట.

రెండోది భద్రత. హంగరీ బడుల్లో వాడే వ్యవస్థ పేరు క్రేతా. వాళ్ళ భాషలో సుద్దముక్క. 2022లో దాన్ని తయారు చేసే కంపెనీలో ఒక ఉద్యోగి మోసపు మెయిల్‌లో లింకు నొక్కడంతో హ్యాకర్లు లోపలికి దూరారు. దేశమంతా ఒకే సుద్దముక్కతో రాస్తే వచ్చే ప్రమాదం ఇది.

మూడోది, ఇందాక గుర్తుపెట్టుకోమన్న కాగితం. ఆ దేశాల్లో ‘నీ ఫైలు’ అనే మాటకి ఒక భయం ఉంది. ఎవరి గురించి ఎవరు ఏం రాశారో తెలియకుండానే జీవితాలు మారిపోయిన కాలాన్ని పెద్దవాళ్ళు చూశారు. అలాంటి చోట ప్రతి పిల్లవాడి రికార్డూ వెబ్‌లో పెడతామంటే అనుమానం రాదా? పాత ఫైలుకీ కొత్త డైరీకీ తేడా ఎక్కడుందని నాకు నేను వేసుకున్న ప్రశ్నకి దొరికిన జవాబు ఒక్కటే. పాత ఫైలు ఎవరి గురించో వాళ్ళకి కనిపించేది కాదు. కొత్తది వాళ్ళకే ముందు కనిపించాలి. కనిపించకపోతే అది కంప్యూటర్‌లోకి ఎక్కిన పాత ఫైలే.

ఇంకో మాట. 2018 పీసా పరీక్షల్లో ఎస్టోనియా పిల్లలు చదవడం, లెక్కలు, సైన్సు మూడింటిలోనూ యూరప్‌లో మొదటి స్థానంలో నిలిచారు. అది ఈకూల్ వల్లే అని ఎవరైనా అంటే నమ్మకండి. మంచి టీచర్లు, బడికిచ్చిన స్వేచ్ఛ, ఇలా చాలా కారణాలున్నాయి. పోర్టల్ పాఠం చెప్పదు. పాఠం చెప్పే మనిషికి కాస్త టైమ్ మిగిలిస్తే అదే పదివేలు.

మా ప్రాజెక్టు సంగతి

ఇవన్నీ చదివాక మా డిజైన్ మార్చాం. మొదటిది, మెసేజ్ తెలుగులో. రెండోది, మార్కు ముందు విద్యార్థికి, రెండు రోజుల తర్వాత ఇంటికి. దీని మీద టీములో పెద్ద గొడవే అయింది. “ఫీజు కట్టేది వాళ్ళు, దాచడానికి మనమెవరం?” అని మావాడొకడు. “దాచట్లేదురా, ఆగుతున్నాం” అని నేను.

సెకండ్ రివ్యూలో మేడమ్ ఒకే ప్రశ్న అడిగారు. “హాజరుకి కూడా 48 గంటలేనా? పిల్లవాడు నిజంగా బడికి రాకుండా ఎటో వెళ్ళిపోతే?” మా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని రెండిటినీ విడదీశాం. మార్కు ఆగొచ్చు, హాజరు ఆగకూడదు. అయితే హాజరు మెసేజ్ వెళ్ళే ముందు టీచర్‌కి రాని వాళ్ళ పేర్లు మళ్ళీ ఒకసారి కనిపిస్తాయి, సరే అంటేనే వెళ్తుంది. విద్యార్థికీ అదే క్షణంలో వెళ్తుంది, తప్పయితే అభ్యంతరం చెప్పే బటన్ ఉంటుంది. రాసింది పట్టుమని ఇరవై లైన్ల కోడ్. ఆ ఇరవై లైన్లకి అంత చదవాల్సి వచ్చింది.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు టెస్టింగ్ కోసం నాన్న ఫోనుకే మెసేజ్ పంపాను: “మీ అబ్బాయి ఈ రోజు మొదటి పీరియడ్‌కి రాలేదు. ఇది పొరపాటు అనిపిస్తే ఈ నంబరుకి ఫోన్ చేయండి.” నాన్న కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు. చదివి కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు.

“ఇదేదో అప్పుడే పంపించుంటే బస్సు చార్జీలైనా మిగిలేవి కదరా” అన్నాడు.

ఈసారి ఇద్దరం నవ్వుకున్నాం.